లోపలి రక్తస్రావము



ఈ నెల నేను మీతో మాటలాడదలచిన సంగతి ప్రసంగపీఠము మీదనుండి సామాన్యముగా వినబడునది కాదు. ఆరాధన ముగిసిన తరువాత గుడి వెనుక వేపచెట్టు నీడను స్త్రీలు ఇద్దరిద్దరుగా నిలిచి గుసగుసలాడుకొనునది. పిల్లలు కలుగని దంపతులు పట్టణములోని సంతాన సాఫల్య కేంద్రమునకు పోవుచున్నారు. అక్కడ జరిగిన చికిత్స తరువాత ఎప్పుడైన ఒక సోదరికి ప్రాణముమీదికి వచ్చునంత రక్తస్రావము కలుగవచ్చును. అప్పుడు ఇంటివారు, ఊరివారు, సంఘస్థులు ఏమి చేయవలెను? ఇది వైద్యుల పని గదా, పాస్టరుకు దీనితో ఏమి పని యని మీరడుగవచ్చును. రక్తమును ఆపుట వైద్యుల పనియే. కాని ఆమె వైద్యుల యొద్దకు చేరకమునుపు గడచిపోవు గంటలున్నవే, అవి మన చేతిలోనివి. ఆ గంటలు ఎందుకు వ్యర్థమగుచున్నవని విచారించినయెడల అది మందుల ప్రశ్న కాక మనస్సాక్షి ప్రశ్న యగును.

మొదట జరుగు పనిని తెలిసికొందము. తెలియని దానిని గూర్చి తీర్పు చెప్పుట మనలో పాత అలవాటు.

సామాన్యముగా స్త్రీకి నెలకు ఒక అండము పక్వమగును. ఐ.వి.ఎఫ్. అను చికిత్సలో పది పండ్రెండు దినములు ఇంజెక్షన్లిచ్చి అనేక అండములు ఒకేసారి పక్వమగునట్లు చేయుదురు. అందువలన అండాశయములు ఉబ్బి రక్తముతో నిండియుండును. పిమ్మట మత్తిచ్చి, స్కానింగు తెరమీద చూచుచు, యోనిమార్గమున పొడవైన సూదిని అండాశయములోనికి పంపి ఆ అండములను తీయుదురు. అరగంట పని. సాయంకాలములోగా ఇంటికి పంపివేయుదురు. వెలుపల ఫలింపజేసిన పిండమును తరువాత గర్భాశయములో ఉంచుదురు. ఇది కొత్త వింత యేమియు కాదు. 1978వ సంవత్సరము జూలై 25న ఇంగ్లండులో ఈ విధానమున మొదటి శిశువు పుట్టెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ గారి ప్రయత్నమువలన మన దేశములో మొదటి శిశువు పుట్టెను. నేడు రాజమహేంద్రవరములోను కాకినాడలోను భీమవరములోను బస్సు దిగినవారికి అట్టి కేంద్రముల బోర్డులు కనబడుచున్నవి.

సూది గ్రుచ్చిన చోట కొద్దిపాటి రక్తము పోవుట అందరికిని ఉన్నదే. అది తానుగానే ఆగును. కాని వేయిమందిలో ఒకరిద్దరికో అంతకన్న తక్కువమందికో ఆ రక్తము ఆగదు. ఇక్కడ మీరు జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ రక్తము వెలుపలికి రాదు. చీరమీద మరక కనబడదు. అది కడుపులోనే కారి కడుపులోనే చేరును. రోగికి కడుపు బిగిసినట్లుండును. నొప్పి తగ్గుటకు మారుగా గంటగంటకు పెరుగును. పడుకొనినప్పుడు భుజము కొనయందు నొప్పి పుట్టును. కడుపునొప్పికి భుజముతో ఏమి సంబంధమని మనము నవ్వుదుము గాని, లోపల చేరిన రక్తము గుండెక్రింది పొరను రాచుటవలన కలుగు నొప్పి అది. లేచి నిలువబోగా కండ్లు తిరుగును. నాడి వడిగా కొట్టుకొనును, పెదవులు పాలిపోవును, మూత్రము తగ్గిపోవును. యౌవనస్త్రీ శరీరము బలము గలది గనుక చాలసేపు తాళుకొనును. తాళుకొని తాళుకొని ఒక్కసారిగా పడిపోవును. సమయమునకు ఆసుపత్రికి చేరినయెడల సెలైనును రక్తమును ఎక్కించి, అవసరమైనచో కడుపునకు చిన్న రంధ్రములు చేసి గొట్టముతో చూచి, కారుచున్న చోటును కాల్చియో కుట్టియో ఆపుదురు. సాధారణముగా అండాశయమును తీసివేయవలసిన పని కూడ ఉండదు. ఆలస్యమైనప్పుడే ఇది మరణమగుచున్నది.

ఇప్పుడు ఇట్లు ఊహించుడి. ఉదయము రాజమహేంద్రవరములో అండములు తీయించుకొనిన ఒక సోదరి భర్తతో కూడ బస్సెక్కి, రావులపాలెము మీదుగా కోనసీమలోని తన ఊరు చేరినది. ఇంటిలో ఎవరికిని నిజము తెలియదు. స్నేహితుల పెండ్లికి పోయి వచ్చితిమని చెప్పిరి. రాత్రి ఎనిమిది గంటలకు కడుపునొప్పి మొదలాయెను. అత్తగారు వాము నీళ్లు కాచి ఇచ్చెను. పది గంటలకు ఊరి ఆర్.ఎం.పి. గారిని పిలిచిరి.

“ఏం తిన్నావమ్మా?”

“పెళ్లిభోజనం చేశారండి. అంతేనండి.”

“అయితే గ్యాసే. ఇంజెక్షను చేసి వెళ్తానండి, తెల్లారేసరికి తగ్గిపోద్ది.”

గుమ్మమునకు ఆనుకొని నిలిచిన భర్తకు నిజము తెలియును. అతడు నోరు తెరచెను. తల్లి ముఖము చూచెను. నోరు మూసికొనెను.

ఇది ఫలానా ఊరిలో జరిగినదని నేను చెప్పుటలేదు. జరుగుటకు కావలసినవన్నియు మన ఊళ్లలో సిద్ధముగా నున్నవని చెప్పుచున్నాను. ఆ ఆర్.ఎం.పి. గారిని నేను నిందింపను. అబద్ధమునకు మందు వ్రాయుమనినయెడల ఎంత గొప్ప వైద్యుడైనను సరియైన మందు వ్రాయగలడా? ఆ భర్తను కూడ నేను ముందుగా నిందింపను. అతని నోరు మూసినదెవరో చూడవలెను.

ఇట్టి దాపరికము మరి రెండు విధములుగా ప్రాణము తీయును. పిండమును గర్భాశయములోనే ఉంచినను, అది ఒక్కొక్కప్పుడు జారి నాళములో నాటుకొనును. ఆరేడు వారములకు ఆ నాళము చిట్లి కడుపులోనికి రక్తము కారును. డాక్టరు లోపలనే ఉంచిరి గదా, ప్రమాదము లేదని ఆ దంపతులు నమ్మియుందురు. రెండవది, గర్భము నిలుచుటకని కొందరికి రక్తమును పలుచచేయు మాత్రలును ఇంజెక్షన్లును ఇచ్చియుందురు. రక్తస్రావముతో వచ్చిన రోగి వాటిని వాడుచున్నదని తెలియక చికిత్స చేయు వైద్యునికి కండ్లకు గంతలు కట్టినట్లే.

ఎందుకు దాచుచున్నారు? పిల్లలు లేని స్త్రీకి మన భాషలో ఉన్న పేరు మీకు తెలియును. దానిని ఇక్కడ వ్రాయుటకు నాకు మనస్సొప్పదు. క్రైస్తవులమైన తరువాత మనము అనేకమైనవి విడిచితిమి గాని ఆ మాటను విడువలేదు. సీమంతపు విందునకు ఆమెను పిలిచినను గాజులు తొడుగుటకు ముందుకు రమ్మనము. బాప్తిస్మము పొందిన పసిబిడ్డను అందరి చేతులలో పెట్టి ఆమెవరకు వచ్చునప్పటికి, “పాలకు ఏడుస్తున్నాడండి” అని వెనుకకు తీసికొందుము. పెండ్లియైన మూడవ ఏటనుండి ప్రార్థన కూటములో ఆమె నిమిత్తము పేరు పెట్టి ప్రార్థించుదుము. ఆమె అడిగెనా? అడుగలేదు. మన జాలి ఆమెను ప్రతి వారము అందరి మధ్యను నిలువబెట్టుచున్నది. పైగా ఆ ప్రార్థన ఎన్నడును భర్త పేరట జరుగదు. పిల్లలు కలుగని జంటలలో సుమారు సగమువారియందు పురుషునిలో కూడ కారణముండునని వైద్యులు చెప్పుచున్నారు. లోకమందు ప్రతి ఆరుగురిలో ఒకరు తమ జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టమును ఎదుర్కొందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023వ సంవత్సరమున ప్రకటించినది. మీ సంఘములో అరువది జంటలున్నయెడల లెక్క మీరే చూచుకొనుడి. వారందరును ఎక్కడ ఉన్నారు? మన మధ్యనే, మౌనముగా కూర్చున్నారు.

సిగ్గువలన స్త్రీలు చచ్చుట మన దేశములో క్రొత్త కాదు. వేలూరు వైద్యశాలను స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డర్ అమ్మగారి కథ మనలో పెద్దవారు వినియేయుందురు. 1890 తరువాతి సంవత్సరములలో ఆమె ఇంకను వైద్యురాలు కాకమునుపు, తిండివనములో మిషనెరీయైన తన తండ్రి యింట నుండగా, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి ప్రసవవేదనలో నున్న తమ భార్యలకు సహాయము చేయుమని ఆమెను వేడుకొనిరి. నాకు వైద్యము రాదు, మా తండ్రి వైద్యుడు, ఆయనను తీసికొనిపొండని ఆమె చెప్పెను. పరపురుషుడు మా యింటి స్త్రీని చూడకూడదని ముగ్గురును వెళ్లిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రియే ఆమెను అమెరికాకు వైద్యవిద్యకు పంపినది. 1900వ సంవత్సరమున ఆమె వేలూరులో పని ఆరంభించెను. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారును, తరువాత రాజమహేంద్రవరములో డాక్టరు లిడియా వోర్నర్ అమ్మగారును స్త్రీలకు ఆసుపత్రులు తెరచుటకు కారణము కూడ ఇదియే. ఆ కథను మనము మిషనెరీల పిలుపును గూర్చి చెప్పుకొందుము. ఆ ముగ్గురు భర్తలను గూర్చి తలంచువారు తక్కువ. వారు భార్యలను ప్రేమింపనివారా? ప్రేమింపనివారైతే అర్ధరాత్రి పరుగెత్తి వచ్చుటెందుకు? ప్రేమ ఉండెను, దానికన్న ఒక వ్రేలెడు పైగా పరువుండెను. పెండ్లిభోజనమని చెప్పిన ఇంటిలోను అదే కొలత.

మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని స్త్రీని ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుడి. పండ్రెండేండ్లు ఆమెకు రక్తము ఆగలేదు. లేవీయకాండము పదునైదవ అధ్యాయపు విధి చొప్పున ఆమె అపవిత్రురాలు, ఆమె కూర్చుండిన చోటు అపవిత్రము, ఆమెను తాకినవారు సాయంకాలమువరకు అపవిత్రులు. ఆస్తియంతయు వైద్యమునకే కరిగిపోయినది; ఈ భాగము నేడు అప్పు చేసి లక్షలు పోసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆమె గుంపులో వెనుకనుండి వచ్చి, ఎవరికిని తెలియకుండ, ప్రభువు వస్త్రమును ముట్టి స్వస్థత పొందెను. అంతటితో ఆమె వెళ్లిపోగోరెను. ప్రభువు పోనీయలేదు. నిలిచి, ముట్టినదెవరని విచారించి, ఆమె వణకుచు వచ్చి జరిగినదంతయు చెప్పువరకు కనిపెట్టెను.

ఈ వాక్యభాగమును చూపి, చూచితిరా, దాచక అందరియెదుట సాక్ష్యమీయవలెనని కొందరు బోధించుదురు. నాకు అది సరిగా తోచలేదు. ఆమెను వెలివేసినది ఆ గుంపే; గనుక ఆమెను తిరిగి చేర్చుకొనుట కూడ ఆ గుంపు చెవులు వినునట్లు జరుగవలసియుండెను. ప్రభువు ఆమెను అడిగినది ఆమెకొరకు ఎంతయో, ఆమె దాగుకొనునట్లు చేసిన జనులకొరకును అంతయే. ఆమెను కుమార్తె అని పిలిచినప్పుడు ఆయన మాట విన్నది ఆ ఊరంతయు. కాబట్టి ఈ కథ చేతబట్టుకొని ఒక స్త్రీని, నీ చికిత్స సంగతి సంఘములో చెప్పుమని బలవంతపెట్టుటకు మనకు అధికారము లేదు. ఆమె గర్భము, ఆమె మందులు, ఆమె ఆశ ఆమెవి. ఎవరితో చెప్పవలెనో ఎవరితో చెప్పకూడదో నిర్ణయించుకొను హక్కు ఆమెదే. గోప్యము వేరు, దాపరికము వేరు. ఊరికి చెప్పకుండుట గోప్యము. చేయి పట్టి నాడి చూచుచున్న వైద్యునికి చెప్పకుండుట దాపరికము. మొదటిది మనము కాపాడవలెను. రెండవది కలుగకుండ మన ఊరిని మార్చుకొనవలెను. నాలుగు గోడల మధ్య నిజము చెప్పినది మరునాడు చెరువుగట్టుమీదికి పోదని ఆమెకు నమ్మకము లేనప్పుడు, ప్రాణము పోవుచున్నను ఆమె నిజము చెప్పదు.

ఆ భాగములో మరియొకటి కలదు. అప్పుడు ప్రభువు పోవుచున్నది చావసిద్ధమైన పండ్రెండేండ్ల బాలిక యొద్దకు. తండ్రి యాయీరు ప్రక్కనే త్వరపడుచున్నాడు. ఒక బిడ్డ నిమిత్తము అంత తొందరలో పోవుచున్నను ఆయన రక్తము కారుచున్న ఆ స్త్రీని దాటిపోలేదు.

ఇక్కడ మన పెద్దలలో కొందరు లేచి, దేవుడు గర్భము మూసియుండగా మానవయత్నముతో తెరువబోయిరి గనుక ఇది వచ్చినది అందురు. ఈ చికిత్స చేయించుకొనవచ్చునా కూడదా అను విషయమందు సంఘములన్నియు ఏకముగా లేవు. రోమను కతోలిక సంఘము 1987వ సంవత్సరపు ఉపదేశములో దీనిని అంగీకరింపలేదు. ప్రొటెస్టంటు సంఘములలో అనేకులు దంపతుల మనస్సాక్షికి విడిచిపెట్టుచున్నారు. మిగిలిపోయిన పిండముల గతి యేమి యను ప్రశ్న తేలికైనది కాదు. దానికి తగిన సమయమున కూర్చుండి మాటలాడవలెను. రక్తము కారుచున్న రాత్రి ఆ సమయము కాదు. యెరికో దారిలో దొంగలచేత చిక్కినవానిని చూచిన సమరయుడు, దొంగలున్న దారియని తెలిసియు నీవు ఒంటరిగా ఏల వచ్చితివని అడిగినట్లు లేదు. అడుగదగిన ప్రశ్నయే! వివేకము గల ప్రశ్న కూడ! కాని అతడు గాయములు కట్టెను, గాడిదమీద ఎక్కించెను, పూటకూళ్లవానికి డబ్బిచ్చెను. ఇట్టి రోగి వచ్చినప్పుడు మంచి వైద్యుడు చేయునది కూడ ఇదే. ఈ అండములు ఎవరు తీసిరి, ఎందుకు తీసిరి, తీసినవారే చూచుకొనవలెను గదా యని ఆయన తలుపు మూయడు. ఏమి జరిగినదని మాత్రము అడుగును, రక్తమును ఆపుటకు అది కావలెను గనుక. ఆ ఒక్క ప్రశ్నకు నిజమైన జవాబు దొరకునట్లు చేయుట మనవంతు.

గర్భము నిలిచి బిడ్డ పుట్టిన తరువాత కూడ ఈ అపాయము తీరిపోదు. ఈ చికిత్సవలన కలిగిన గర్భములలో కవలలు ఎక్కువ, మాయ క్రిందికి నాటుకొనుట ఎక్కువ, కాన్పు తరువాత అధిక రక్తస్రావమును కొంత ఎక్కువ. అందుకు మందులు కలవు. గర్భాశయమును ముడుచుకొనజేయు ఇంజెక్షను ఒకటి; ట్రనెక్సామిక్ ఆసిడ్ అను మందు మరియొకటి. ఇరువది యొక్క దేశములలో ఇరువది వేలమంది స్త్రీలమీద జరిగిన పరిశోధన ఫలితములు 2017లో వెలువడినవి. కాన్పయిన మూడు గంటలలోపల ఆ రెండవ మందు ఇచ్చినయెడల రక్తస్రావమువలని మరణములు తగ్గునని తేలినది. మూడు గంటలు! బస్సు తప్పిపోయినచో మన లంకలలో మూడు గంటలు ఎంతసేపు? మందులకు లొంగనప్పుడు లోపల బెలూను ఉంచుదురు, కుట్లు వేయుదురు. ఏదియు పనిచేయనప్పుడు వైద్యురాలు బయటికి వచ్చి ఒక మాట చెప్పును: గర్భసంచి తీసివేయవలెను.

ఆ మాట వినిన ఇంటివారి మనస్సులో ఏమి తిరుగునో నాకు తెలియును. పదేండ్ల ప్రార్థన, అమ్మివేసిన అరయెకరము, ఎన్నో ఇంజెక్షన్లు, ఆ సంచి నిమిత్తమే గదా. పుట్టినది ఆడపిల్లయైతే ఇంకొక ఆలోచన కూడ తిరుగును. లేదని ఎవరును నాతో వాదింపవద్దు. భర్త తండ్రికి ఫోను చేయును, తండ్రి పెద్దకుమారునికి చేయును, ఒకరు “ఇంకేం దారి లేదా అండి” అని అడుగుదురు. లోపల రక్తము కారుచునే యుండును.

రాహేలు కథను ఈ వెలుగులో చదువుడి. పిల్లలు లేకపోయినచో తాను బ్రదుకనని భర్తతో చెప్పినంత ఆశ ఆమెది. యోసేపు పుట్టెను. తరువాత ఎఫ్రాతాకు పోవు త్రోవలో రెండవ కాన్పు కష్టమాయెను. అప్పుడు మంత్రసాని ఆమెకు చెప్పిన ఓదార్పు ఏమి? భయపడవద్దు, ఇతడును కుమారుడేయని. చచ్చుచున్న స్త్రీకి ఆ లోకము చెప్పగలిగినది అంతే. ఆ మంత్రసాని చెడ్డది కాదు. ఆమె తన కాలములో ఒక భార్యకు కావలసినదేమో అదే చెప్పెను. రాహేలు ఆ బిడ్డకు దుఃఖముతో ఒక పేరు పెట్టి ప్రాణము విడిచెను. తండ్రి ఆ పేరును మార్చివేసెను. ఆమె చెప్పిన చివరి మాట కూడ నిలువలేదు. యాకోబు ఆమె సమాధిమీద ఒక స్తంభము నిలిపెను. అతని చేతిలో మందు లేదు, రక్తము లేదు. అతడు చేయగలిగినది స్తంభమే. మన చేతిలో ఉన్నవి. ఉండగా ఫోనులో లెక్కలు వేయుచు నిలుచుండుటకు మనకు యాకోబు సాకు చెల్లదు.

ఈ విషయములో దేశపు న్యాయము కూడ స్పష్టముగా నున్నది. 2008వ సంవత్సరము జనవరిలో సుప్రీము కోర్టు ఒక తీర్పులో, వయస్సు వచ్చిన రోగి దేహమునకు సమ్మతి నీయవలసినది ఆ రోగియే గాని, ఆమె మత్తులో నుండగా కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడ చాలదని చెప్పెను. ప్రాణము నిలుపుటకు తప్పనిసరియైనప్పుడు మాత్రము వైద్యుడు ఆగనక్కరలేదనియు అందులోనే ఉన్నది. కాబట్టి కాన్పునకు పోకమునుపే భార్యాభర్తలు కూర్చుండి ఈ మాట మాటలాడుకొనవలెను. “అవసరం వస్తే గర్భసంచి కోసం ఆలోచించొద్దు, నన్ను బతికించమని చెప్పండి” అని ఆమె తన నోట చెప్పగలిగిన ఇల్లు మనకు కావలెను. ఆమె ఆ మాట ముందుగా వైద్యురాలితో కూడ చెప్పి వ్రాయించిన మంచిది. ఎల్కానా పిల్లలు లేని హన్నాను పెనిన్నాకన్న తక్కువగా చూడలేదు. బలి విందులో ఆమెకే ఎక్కువ పాలు పెట్టెను. సమూయేలు పుట్టిన తరువాత కాదు, పుట్టకమునుపు.

అండము ఇచ్చు స్త్రీలను గూర్చి కూడ ఒక మాట చెప్పక విడువలేను. 2019వ సంవత్సరము సెప్టెంబరులో అప్పటి మన తూర్పు గోదావరి జిల్లాకు చెందిన డెబ్బదియేండ్లు దాటిన ఒక తల్లి గుంటూరులో కవల ఆడపిల్లలను కనినది. పత్రికలన్నియు ఫోటోలు వేసినవి; ఎందరో దంపతులకు ఆశ పుట్టినది. ఆ వయస్సున స్త్రీకి స్వంత అండములుండవు. అండమిచ్చిన స్త్రీ ఎవరో మనకు తెలియదు, తెలియనక్కరలేదు; కాని ఆ సూది ఆమెకును దిగినదని తెలిసియుండవలెను. ఇట్టివారిలో బీదవారు అనేకులు. బిడ్డకొరకు కాక పూట గడుచుటకు పోవువారు గనుక వారు మరింత దాచుదురు. 2014వ సంవత్సరము జనవరిలో ఢిల్లీలో ఒక యువతి అండములిచ్చిన తరువాత మరణించినది. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము అండమిచ్చునామె ఇరువది మూడుకును ముప్పదియైదుకును మధ్య వయస్సులో నుండవలెను, జీవితములో ఒక్కసారియే ఈయవలెను, ఏడు అండములకు మించి తీయరాదు, పండ్రెండు నెలలు ఆమెకు భీమా చేయింపవలెను, అమ్మకము నేరము. చికిత్స పొందు స్త్రీకి కూడ ఏబది యేండ్ల పరిమితి పెట్టిరి. మీ పేటలోని ఒక సోదరిని ఎవరైన డబ్బు చూపి ఇందుకు పిలిచినయెడల, ఈ చట్టమును ఆమెకు చెప్పుడి. అప్పటికే పోయివచ్చి కడుపు పట్టుకొని కూర్చుండినయెడల, చట్టము మాట తరువాత, మొదట బండి పిలువుడి.

రక్తము ఇచ్చుట సంగతి. మంచి శుక్రవారమునాడు ప్రభువు రక్తమును గూర్చిన ప్రసంగమునకు కన్నీరు కార్చిన పురుషులు, ఆసుపత్రి గుమ్మమున రక్తము కావలెననగానే ఎవరికో ఫోను చేయుచు మెట్లు దిగిపోవుట కలదు. బలహీనమగుదురని భయము. మనుష్యునిలో సుమారు అయిదు లీటర్ల రక్తముండును. ఒకసారి తీయునది మూడువందల యేబది మిల్లీలీటర్లు. పదునెనిమిది యేండ్లు నిండి, నలువదియైదు కిలోలకు తక్కువ కాక, ఆరోగ్యముగా నున్న పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి ఈయవచ్చును. డబ్బునకు రక్తమమ్ముట 1998వ సంవత్సరము జనవరి 1నుండి మన దేశములో నిషేధము. అందువలన ఎవరైన ఊరక ఇచ్చిననే గాని కాకినాడ పెద్దాసుపత్రిలోనైనను సీసా నిండదు. యౌవనుల సమాజములవారు తమ రక్తవర్గములు వ్రాసిన పట్టిక ఒకటి సిద్ధపరచి ఉంచినయెడల, రోగి ఎవరో ఎందుకో చెప్పకయే నలుగురిని పంపవచ్చును.

చికిత్సకు పోవు దంపతులు చేయవలసినది కొద్దియే. కేంద్రమువారు ఇంటికి పంపునప్పుడు ఇచ్చు కాగితమును పారవేయక, వాడిన మందుల చీటీలతోను రక్తవర్గపు కాగితముతోను ఆధార్ కార్డుతోను కలిపి ఒక సంచిలో ఉంచవలెను. రాత్రి యే గంటకైనను మాటలాడగల ఫోను నంబరు అడిగి తీసికొనవలెను. నొప్పి పెరిగినను, కండ్లు తిరిగినను, గ్యాసని సరిపెట్టుకొనక, 108కి ఫోను చేసి, వచ్చినవారికి మొదటి మాటగా, ఈ దినము అండములు తీసిరని చెప్పవలెను. ఇంటిలో ఇంకొక్కరికైనను, ఆడపడుచుకో పిన్నికో, నమ్మదగినవారికి ఆ సంచి ఎక్కడ నున్నదో తెలిసియుండవలెను. భర్త ఒక్కడికే తెలిసిన నిజము, అతడు భయపడిన క్షణమున ఎవరికిని తెలియనట్టే.

పంటు దాటి పోవలసిన లంకలవారు ఆ రాత్రి ఏటికి ఇవతలనే నిద్రించుట మేలు. పొద్దు గూకిన తరువాత పంటు లేదు. గట్టుమీద ఇండ్లున్న సంఘస్థులలో ఎవరు ఒక మంచము వేయగలరో పెద్దలు ముందుగానే కనుగొని ఉంచవచ్చును. వచ్చినవారిని ఏ పనిమీద వచ్చితిరని అడుగనక్కరలేదు. భోజనము పెట్టి, ఆసుపత్రి బండి వీధిలోనికి రాగలదో లేదో చూచుకొనిన చాలును.